ఏ ఏటి అలీ, ఏ ఏటి టైసన్?

“అలీ, టైసన్ కొట్టుకుంటే ఎవరు గెలుస్తారు?” తిరుపతిలో బాక్సింగ్ పిచ్చి ఉన్నవాళ్ళు నలుగురు టీ అంగడి ముందర నిలబడితే పది నిమిషాల్లో ఈ ప్రశ్న వచ్చి తీరుతుంది. ముహమ్మద్ అలీ, మైక్ టైసన్ వేర్వేరు కాలాల హెవీవెయిట్ చాంపియన్లు, రింగులో ఎప్పుడూ తలపడలేదు. గంట వాదించినా తేలదు. ఎందుకంటే ఒకరి మనసులో 1966 అలీ ఉంటాడు, ఇంకొకరి మనసులో 1980లో లారీ హోమ్స్ చేతిలో పది రౌండ్లు దెబ్బలు తిని స్టూలు మీదే ఉండిపోయిన అలీ ఉంటాడు. ఒకరు స్పింక్స్‌ను 91 సెకన్లలో పడేసిన టైసన్‌ను తలుచుకుంటారు, ఇంకొకరు టోక్యోలో దెబ్బకు పడి, మోకాళ్ళ మీద పాకుతూ పళ్ళకు పెట్టుకునే మౌత్‌పీస్ వెతుక్కున్న టైసన్‌ను. పేర్లు రెండే, కానీ రింగులో నలుగురున్నారు.

అందుకే ముందు తేదీ రాసుకోవాలి. ‘ప్రైమ్‌లో ఉన్న అలీ’ అంటే చాలదు. 1966 నవంబరు 14, హ్యూస్టన్, క్లీవ్‌లాండ్ విలియమ్స్‌తో పోటీ, వయసు 24, బరువు 96 కిలోల పైచిలుకు: ఇదీ నా అలీ. 1988 జూన్ 27, అట్లాంటిక్ సిటీ, మైకేల్ స్పింక్స్‌తో పోటీ, 22 నిండడానికి మూడు రోజులు తక్కువ, బరువు 99 కిలోలు: ఇదీ నా టైసన్.

ఒక్క మంచి రాత్రినే నమ్ముకున్నా మోసపోతాం. విలియమ్స్ 1964లో పోలీసు తుపాకీ గుండు తిని, ఒక కిడ్నీ పోగొట్టుకుని, ఆ తర్వాత అలీ ఎదుటికి వచ్చిన మనిషి. స్పింక్స్ మొహంలో గంట మోగకముందే భయం కనిపిస్తోంది. అలాంటి రాత్రి ఎవరైనా దేవుడి మాదిరే కనిపిస్తారు. కాబట్టి ఆ దగ్గరి కాలంలోనే కష్టపడి గెలిచిన పోటీ ఒకటి పక్కన పెట్టుకోవాలి. అలీకి 1966 మార్చిలో టొరంటోలో జార్జ్ చువాలోతో ఆడిన 15 రౌండ్లు, టైసన్‌కు 1987 ఆగస్టులో టోనీ టక్కర్‌తో ఆడిన 12 రౌండ్లు. మొదటిది చూస్తే అలీ కాళ్ళు పదో రౌండు తర్వాత ఎలా ఉంటాయో తెలుస్తుంది. రెండోది చూస్తే పొడుగ్గా ఉండి, కదులుతూ, దగ్గరికి రాగానే పట్టుకునేవాడి ముందు టైసన్ దెబ్బలు ఎలా తగ్గిపోతాయో తెలుస్తుంది.

తేదీ తర్వాత రూల్స్. వాదనల్లో అసలు లెక్కకు రానిది ఇదే.

1982 నవంబరులో రే మాన్సినీతో 14వ రౌండులో పడిపోయిన కొరియా బాక్సర్ డుక్ కూ కిమ్ కొద్దిరోజులకే చనిపోయాడు. ఆ తర్వాత డబ్ల్యూబీసీ అనే బాక్సింగ్ సంస్థ టైటిల్ పోటీలను 15 రౌండ్ల నుంచి 12కు కుదించింది. మిగతా సంస్థలు కూడా ఆ దశాబ్దం ముగిసేలోపు అదే దారి పట్టాయి. మూడు రౌండ్లే కదా అనిపిస్తుంది. అలిపిరి నుంచి కాలినడకన కొండెక్కినవాళ్ళకు ఆ ‘మూడే’ ఎంతో తెలుసు. గాలిగోపురం దాకా నిటారు మెట్లు, ఆ తర్వాత చాలాదూరం దారి చదును, చివర్లో మోకాళ్ళ మెట్టు. 3,550 మెట్లలో ఆ చివరి మెట్లు తీసేసి పందెం పెడితే ముందు చేరేవాడు వేరు, పెట్టి ఎక్కమంటే ముందు చేరేవాడు వేరు.

1941 జూన్ 18న బిల్లీ కాన్ 12 రౌండ్లయ్యేసరికి అప్పటి చాంపియన్ జో లూయిస్ మీద రెండు మార్కుల కార్డుల్లో ముందున్నాడు, మూడో కార్డులో సమానం. 13వ రౌండులో నాకౌట్ కోసం ఎగబడి తనే పడిపోయాడు. 1952 సెప్టెంబరు 23న ఫిలడెల్ఫియాలో జెర్సీ జో వాల్కాట్ మూడు కార్డుల్లోనూ ముందుండి, 13వ రౌండులో రాకీ మార్సియానో కుడిచేతి దెబ్బకు తాళ్ళ మీదికి ఒరిగిపోయాడు. ఇవాళ్టి రూల్సయితే కాన్ చాంపియన్ అయ్యేవాడు, వాల్కాట్ చాంపియన్‌గానే మిగిలేవాడు, మార్సియానో పేరు పక్కన 49-0 (49 గెలుపులు, ఒక్క ఓటమీ లేదు) ఉండేది కాదు. (పోటీ 12 రౌండ్లే అని తెలిస్తే లూయిస్, మార్సియానో ఇద్దరూ ముందునుంచే తొందరపడి ఉండేవాళ్ళు. ఊహా పోటీ వేసేటప్పుడు అదీ కలుపుకోవాలి.)

గ్లోవ్స్ సంగతి కూడా అంతే. 1920 ప్రాంతపు చాంపియన్ జాక్ డెంప్సీ కాలంలో 5, 6 ఔన్సులవి, అలీ కాలంలో 8, ఇప్పుడు హెవీవెయిట్‌కు 10. పలచని గ్లోవ్‌తో చర్మం తొందరగా చీలుతుంది, కొట్టినవాడి పిడికిలి కూడా తొందరగా దెబ్బతింటుంది. అంతకంటే ముఖ్యం: 10 ఔన్సుల గ్లోవ్స్ రెండూ మొహం ముందు పెట్టుకుంటే అదే ఒక గోడ. 5 ఔన్సుల వాటితో ఆ గోడ నిలబడదు, మధ్యలోంచి దెబ్బ దూరుతుంది. అందుకే పాతవాళ్ళు చేతులు ముందుకు చాచి అరచేత్తో దెబ్బను పక్కకు తోసేసేవాళ్ళు, భుజంతో ఆపేవాళ్ళు. ఆ ఫిల్ములు చూసి ‘వీళ్ళకు గార్డ్ (చేతులతో మొహం కాచుకోవడం) కూడా రాదు’ అనడం అన్యాయం. వాళ్ళ చేతికున్నదానికి తగిన గార్డే అది.

డెంప్సీ విషయంలో ఇంకొకటుంది. 1919 జూలై 4న టొలీడోలో 85 కిలోల డెంప్సీ, 111 కిలోల జెస్ విల్లార్డ్‌ను మొదటి రౌండులోనే ఏడుసార్లు పడేశాడు. అప్పట్లో పడినవాడి పక్కనే నిలబడి, వాడు మోకాలెత్తగానే మళ్ళీ కొట్టొచ్చు. 1927లో షికాగోలో జీన్ టన్నీని పడేసినప్పుడు దూరపు కార్నర్‌కు వెళ్ళాలన్న రూల్ ఉంది. డెంప్సీ అలవాటుకొద్దీ పక్కనే నిలబడ్డాడు, రిఫరీ లెక్కపెట్టడం ఆలస్యమైంది, టన్నీ లేచి పాయింట్ల మీద గెలిచాడు. డెంప్సీని ఇవాళ్టి రింగులోకి తెచ్చినప్పుడు ఆ పక్కన నిలబడే వీలు తీసేసి మిగిలిన డెంప్సీని చూడాలి. నా లెక్కలో అతని బలం మూడోవంతు అక్కడే పోతుంది.

బరువుల హద్దులు కూడా జరిగిపోయాయి. హెవీవెయిట్‌కు కింది తరగతి క్రూజర్‌వెయిట్, దాని ఇప్పటి హద్దు 200 పౌండ్లు, అంటే 90.7 కిలోలు. 84 కిలోల మార్సియానో, 90 కిలోల 1938 జో లూయిస్ ఇద్దరూ ఇవాళ హెవీవెయిట్ కారు. ఆ రెండింటి మధ్య 2020లో డబ్ల్యూబీసీ పెట్టిన బ్రిడ్జర్‌వెయిట్ హద్దు 224 పౌండ్లు, దాదాపు 101.6 కిలోలు. నేను పైన తేదీ వేసిన అలీ, టైసన్ ఇద్దరూ అందులో హాయిగా సరిపోతారు. ‘హెవీవెయిట్’ అన్న మాటొక్కటే అలాగే ఉంది, దాని వెనక శరీరాలు మారిపోయాయి.

ఇక వీడియో చూసే పద్ధతి. సైలెంట్ కాలపు కెమెరా చేత్తో తిప్పింది, ఇప్పటి వేగంతో వేస్తే మనుషులు బొమ్మల మాదిరి గెంతుతారు. ప్లేయర్‌లో వేగం తగ్గిస్తూ రిఫరీ నడకను చూడండి. ఆయన మామూలు మనిషిలా నడిచిన చోట ఆపితే అదే సరైన వేగం. హైలైట్స్ ఎంత మాత్రం పనికిరావు, అందులో తగిలిన దెబ్బలే ఉంటాయి. పూర్తి రౌండు ఒకటి తీసుకుని, సౌండ్ తీసేసి, మూడుసార్లు చూడాలి: ఒకసారి కాళ్ళు మాత్రమే, ఒకసారి జాబ్ (ముందు చేత్తో సూటిగా కొట్టే దెబ్బ) కొట్టే చెయ్యి మాత్రమే, ఒకసారి తల మాత్రమే. జాబ్ కొట్టాక ఆ చెయ్యి ఎక్కడికి తిరిగొస్తోంది? దవడ దగ్గరికా, నడుము దగ్గరికా? 1936లో మాక్స్ ష్మెలింగ్ ఈ ఒక్కటే పట్టుకున్నాడు. జో లూయిస్ జాబ్ తర్వాత ఎడమచెయ్యి కిందికి జారుస్తున్నాడని ఫిల్ములు చూసి గమనించి, ఆ సందులోంచి కుడిచెయ్యి పంపుతూ పోయాడు. 12వ రౌండులో లూయిస్ పడిపోయాడు. రెండేళ్ళ తర్వాత లూయిస్ అదే ష్మెలింగ్‌ను 124 సెకన్లలో ముగించాడు, అది వేరే సంగతి.

ఓడిన పోటీలు తప్పక చూడాలి. గెలుపులను గొలుసుకట్టడం మాత్రం వదిలేయాలి. 1971లో జో ఫ్రేజర్ అలీని ఓడించాడు, 1973లో జార్జ్ ఫోర్‌మన్ ఫ్రేజర్‌ను రెండు రౌండ్లలో ఆరుసార్లు పడేశాడు, 1974లో అలీ ఫోర్‌మన్‌ను ఎనిమిదో రౌండులో నాకౌట్ చేశాడు. అలీని మూడు పోటీల్లోనూ ఏడిపించిన కెన్ నార్టన్‌ను ఫోర్‌మన్ రెండు రౌండ్లలో తుడిచేశాడు. ‘వీడు వాణ్ణి కొట్టాడు, వాడు ఇంకొకణ్ణి కొట్టాడు’ అన్న లెక్క ఈ నలుగురి దగ్గరే కూలిపోతుంది. 1960ల చివర్లో ఒక రేడియో నిర్మాత ఇలాంటి లెక్కలే కంప్యూటర్‌లో పోసి, అలీనీ మార్సియానోనూ కెమెరా ముందు నిలబెట్టి చిత్రీకరించాడు. 1970 జనవరిలో అమెరికా థియేటర్లలో చూపించినదాంట్లో మార్సియానో 13వ రౌండులో గెలిచాడు. మార్సియానో అప్పటికే విమాన ప్రమాదంలో పోయాడు. మనిషి ఇచ్చిన మార్కులనే యంత్రం తిప్పి చూపిస్తుంది, ఆ మార్కులు ఏ రాత్రివో దానికి తెలియదు.

ఇప్పుడు అలీ, టైసన్. 8 ఔన్సుల గ్లోవ్స్, 20 అడుగుల రింగు. రౌండ్లు ఒకసారి 12, ఒకసారి 15.

అలీ 6 అడుగుల 3 అంగుళాలు, రీచ్ (చాచిన రెండు చేతుల కొసల మధ్య దూరం) 78 అంగుళాలు. టైసన్ 5 అడుగుల 10, రీచ్ 71. టైసన్ గ్లోవ్స్ రెండూ దవడలకు ఆనించి, తల అటూ ఇటూ ఊపుతూ, ఎదుటివాడి జాబ్‌ను భుజం మీదుగా జారనిచ్చి లోపలికొస్తాడు. తల ఏ పక్కకు వెళితే బరువు ఆ కాలి మీదికి దిగుతుంది, హుక్ (మోచెయ్యి వంచి పక్కనుంచి కొట్టే దెబ్బ) అక్కడి నుంచే లేస్తుంది. అతని ముద్ర వేసిన జోడీ ఒకటుంది: పక్కటెముకల మీద కుడి హుక్, అదే చేత్తో వెంటనే గడ్డం కింద, కిందినుంచి పైకి అప్పర్‌కట్. ఒంటికి తగిలిన మొదటి దెబ్బకు మోచెయ్యి కిందికి దిగుతుంది, దిగిన చోట రెండోది దూరుతుంది.

అలీ చేతులు కింద ఉంచి, తలను నిలువునా వెనక్కి లాగి తప్పించుకుంటాడు. జాబ్‌కు అది సరిపోతుంది. ఎడమ హుక్ మాత్రం వెనక్కి లాగిన తలను వెంటాడి పట్టుకుంటుంది. 1962లో సానీ బ్యాంక్స్, 1963లో హెన్రీ కూపర్, 1971లో ఫ్రేజర్, ముగ్గురూ అలీని ఎడమ హుక్‌తోనే పడేశారు. కూపర్ బరువు 84 కిలోలే. కాబట్టి మొదటి నాలుగు రౌండ్లలో అలీ ఒకసారి పడతాడని నేను గట్టిగా నమ్ముతున్నాను. లేస్తాడు కూడా. ఆ ముగ్గురి దగ్గరా లేచాడు.

తర్వాత టైసన్‌కు కష్టం మొదలవుతుంది. అలీ తన ఎడమవైపుగా తిరుగుతూ పోతే ఆ ఎడమ హుక్‌కు దూరమవుతాడు. కుడిచేతికి దగ్గరవుతాడు, కానీ టైసన్ కుడి రావాలంటే కాళ్ళు ముందు సర్దుకోవాలి. 1966 అలీ ఆ సర్దుకునే సమయం ఇవ్వడు. టైసన్ లోపలికొచ్చాడే అనుకుందాం. 1987 మార్చిలో బోన్‌క్రషర్ స్మిత్ 12 రౌండ్లు నిలబడింది ఒకే పనితో: దగ్గరికి రాగానే చేతులు పట్టుకోవడం. పట్టుకున్నాక విడిపించుకుని కొట్టడం టైసన్‌కు అలవాటు తక్కువ, రిఫరీ వచ్చి విడదీసేదాకా ఆగిపోయేవాడు. అలీ పట్టు స్మిత్ పట్టు కంటే చెడ్డది: ఎడమ గ్లోవ్ మెడ వెనక వేసి తలను కిందికి తొక్కుతాడు. 1974లో ఫ్రేజర్‌తో రెండో పోటీ పొడుగునా అదే చేశాడు. కాబట్టి ఈ పోటీలో మూడో మనిషి రిఫరీ. 1974లో టోనీ పెరెజ్ ఆ పట్టును చాలావరకు వదిలేశాడు. 1975లో మనీలాలో కార్లోస్ పడీయా అలీ చేతిని మెడ మీది నుంచి తీసేస్తూ వచ్చాడు. ఊహా పోటీలో రిఫరీ ఎవరో చెప్పకుండా ఫలితం చెప్పేవాళ్ళను నేను నమ్మను.

లెక్క వేద్దాం. రౌండు గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9, ఓడినవాడు కింద పడి ఉంటే 8. పెరెజ్ లాంటి రిఫరీ ఉంటే 12 రౌండ్లలో అలీకి 7, టైసన్‌కు 5, టైసన్ రౌండ్లలో ఒకటి నాక్‌డౌన్ వల్ల 10-8. అలీ మొత్తం 70, 36, 8 కలిపి 114. టైసన్ 50, 63 కలిపి 113. ఒక్క పాయింటు తేడా. పడీయా లాంటి రిఫరీ ఉంటే ఒక రౌండు అటు వెళ్ళి 6-6 అవుతుంది: అలీ 113, టైసన్ 114. అదే 15 రౌండ్లయితే చివరి మూడూ అలీవే. టైసన్ తన కెరీర్ మొత్తంలో 13వ రౌండు ఆడలేదు, పాయింట్లదాకా వెళ్ళిన పోటీల్లో ఆఖరి రౌండ్ల దెబ్బల్లో జోడీలు తగ్గి ఒంటి దెబ్బలే మిగిలేవి. 30, 27 కలిపితే మొదటి రిఫరీతో 144-140, రెండో రిఫరీతో 143-141, రెండుసార్లూ అలీయే. కాబట్టి నా జవాబు ఇది: 15 రౌండ్లలో అలీ. 12 రౌండ్లలో రిఫరీని బట్టి.

ఒక్క పాయింటు మీద చాంపియన్‌షిప్ తేలుతుందా అని అడిగేవాళ్ళు 2024 మే 18 నాటి రియాద్ పోటీని తలుచుకోవాలి, మనకిక్కడ ఆదివారం సుప్రభాతం వేళ జరిగిందది. ఉక్రెయిన్ బాక్సర్ ఒలెక్సాండర్ ఉసిక్ 101 కిలోలు, బ్రిటన్ బాక్సర్ టైసన్ ఫ్యూరీ 119 కిలోలు. తొమ్మిదో రౌండులో ఉసిక్ ఎడమచేతి దెబ్బలకు ఫ్యూరీ తాళ్ళకు ఆని నిలబడితే రిఫరీ దాన్ని నాక్‌డౌన్‌గా లెక్కపెట్టాడు. కార్డులు 115-112, 114-113 ఉసిక్‌కు, 114-113 ఫ్యూరీకి. ఆ లెక్కపెట్టడం లేకపోతే రెండో కార్డు 114-114, మొత్తం పోటీ డ్రా.

ఆ ఉసిక్‌నే 1938 జో లూయిస్ ఎదుట నిలబెడదాం. పెద్దవాళ్ళంటే లూయిస్‌కు లెక్కలేదు. 118 కిలోల ప్రైమో కార్నెరాను ఆరు రౌండ్లలో, 6 అడుగుల 6 అంగుళాల బడ్డీ బేర్‌ను 1942లో ఒక్క రౌండులో ముగించాడు. అతన్ని ఇబ్బంది పెట్టింది కాళ్ళున్నవాళ్ళు: బాబ్ పాస్టర్, కాన్, 1947లో రెండుసార్లు పడేసిన వాల్కాట్. లూయిస్ జరుగుతూ వస్తాడు, పరిగెత్తడు. ఉసిక్ ఎడమచేతి వాటం, హెవీవెయిట్‌లో ఎడమచేతి వాటం చాంపియన్ 1994లో మైకేల్ మూరర్ వచ్చేదాకా ఒక్కడూ లేడు. లూయిస్‌కు ఆ కోణం కొత్త. పైగా జాబ్ తర్వాత జారే ఆ ఎడమచెయ్యి ష్మెలింగ్ కుడిచేతికి తెరిచిన సందే, ఎడమచేతి వాటం వాడి సూటి దెబ్బకు ఇంకా తిన్నని దారి. లూయిస్ గెలవాలంటే ఉసిక్‌ను తాళ్ళకు చేర్చి ఆరంగుళాల దూరంలో జోడీలు కొట్టాలి, ఆ దూరంలో లూయిస్ కంటే బాగా కొట్టినవాడు హెవీవెయిట్‌లో లేడు. అలా ఒకటి రెండు రౌండ్లు దొరుకుతాయి. కాన్ 13లో ఎగబడినట్టు ఉసిక్ ఎగబడడు, అతని చివరి రౌండ్లే అతని మంచి రౌండ్లు. 12 అయినా 15 అయినా ఉసిక్, పాయింట్ల మీద. లూయిస్‌ను ఇంత ఇష్టపడుతూ ఈ మాట రాయడం కష్టంగానే ఉంది.

1973 ఫోర్‌మన్, 1988 టైసన్: ఫోర్‌మన్, నాలుగో రౌండులోనో ఐదులోనో. వంగి వచ్చేవాళ్ళను రెండు చేతులతో భుజాలు తోసి దూరం సరిచేసుకుని, కిందినుంచి అప్పర్‌కట్ ఎత్తడం ఫోర్‌మన్ పని. టైసన్ తల ఫ్రేజర్ తల కంటే చురుకు కాబట్టి రెండు రౌండ్లు అనలేదు. టైసన్ హుక్ ముందు తగిలితే తలకిందులవుతుంది. 1976లో రాన్ లైల్ ఫోర్‌మన్‌ను రెండుసార్లు పడేశాడు.

మార్సియానోను ఫ్యూరీ ఎదుట నిలబెట్టే పోటీ నేను వేయను. 35 కిలోల తేడాతో ఏం తేలినా ఇద్దరి గురించీ తెలిసేది లేదు. మార్సియానోకు సరైన ప్రత్యర్థి 1986 జూలైలో అట్లాంటాలో డ్వైట్ ముహమ్మద్ కావీని ఓడించిన ఇవాండర్ హోలీఫీల్డ్, అప్పటి క్రూజర్‌వెయిట్ హద్దు 190 పౌండ్లు, 86 కిలోలు. కావీ కూడా పొట్టిగా, వంగి, ఒంటిని కొడుతూ ముందుకే వచ్చేవాడు. 15 రౌండ్లు హోలీఫీల్డ్‌ను పీల్చేశాడు, స్ప్లిట్ డెసిషన్‌తో (ముగ్గురు జడ్జీల్లో ఇద్దరి మాటతో) గెలిచిన హోలీఫీల్డ్ అక్కడి నుంచి ఆసుపత్రికి వెళ్ళాడు. మార్సియానో దెబ్బ కావీ దెబ్బ కంటే బరువు. కానీ మార్సియానో చర్మం పలచన. 1954 సెప్టెంబరులో ఎజార్డ్ చార్ల్స్‌తో పోటీలో ఎడమ ముక్కుపుటం చీలిపోయింది, ఆపేస్తారేమోనన్న తొందరలో ఎనిమిదో రౌండులో నాకౌట్ చేశాడు. ఇవాళైతే అంతదాకా రానిచ్చే డాక్టరు ఉండడు. హోలీఫీల్డ్ దగ్గరగా కొట్టుకునేటప్పుడు తలలు ఢీకొంటాయి, అది ఇంకో చిక్కు. చీలింది దెబ్బ వల్లయితే ఇప్పటి రూల్స్‌లో హోలీఫీల్డ్‌కు టీకేఓ (పోటీ మధ్యలో ఆపి ఇచ్చే గెలుపు). పొరపాటున తల తగలడం వల్లయితే, నాలుగు రౌండ్లు దాటి ఉంటే, అప్పటిదాకా ఉన్న కార్డులు లెక్క. నా కార్డు: 1954 రూల్స్‌లో మార్సియానో, 14వ రౌండు నాకౌట్. ఇప్పటి రూల్స్‌లో తొమ్మిదో రౌండులో డాక్టరు ఆపుతాడు, అప్పటికి ఐదు రౌండ్లు హోలీఫీల్డ్‌వి, నాలుగు మార్సియానోవి, కాబట్టి చర్మం ఎలా చీలినా హోలీఫీల్డే.